అమెరికన్ హెచ్‌ఓ లేఅవుట్ మీద జర్మన్ బిల్డింగ్ కిట్లు: ఏవి నప్పుతాయి, ఏవి మార్చాలి?

బ్రాంచ్‌లైన్_55

అందరికీ నమస్కారం. నాది హెచ్‌ఓ (అసలులో 87వ వంతు కొలత) మోడల్ రైల్వే, షెల్ఫ్ లేఅవుట్, 12 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు. తూర్పు పెన్సిల్వేనియాలో ఒక చిన్న ఊరు, ఒక బ్రాంచ్ లైను, కాలం 1955 ప్రాంతం. ఆవిరి ఇంజన్లు ఇంకా పూర్తిగా పోలేదు, డీజిళ్లు వచ్చేశాయి.

సెకండ్‌హ్యాండ్‌లో ఒక పెట్టె నిండా యూరోపియన్ కిట్లు దొరికాయి. ఫాలర్, వోల్మర్, కిబ్రీ కంపెనీలవి, ముక్కలన్నీ ఇంకా స్ప్రూల (అచ్చులో వచ్చిన ప్లాస్టిక్ చట్రాల) మీదే ఉన్నాయి. గోడల మీద చెక్క దూలాలు కనిపించే రెండంతస్తుల ఇళ్లు మూడు, ఎర్ర పెంకుల రైల్వే స్టేషన్ ఒకటి, మూడంతస్తుల ఇటుక ఫ్యాక్టరీ ఒకటి, రెండు ఇంజన్లు పట్టే షెడ్డు ఒకటి.

అట్ట మీద బొమ్మలో ఉన్నట్టే కట్టి పెడితే పక్కనున్న వాల్తర్స్, డీపీఎం (అమెరికన్ కిట్ బ్రాండ్లు) బిల్డింగుల మధ్య వేరే దేశం నుంచి వచ్చినట్టు కనిపిస్తాయి. వీటిలో వేటిని వాడుకోవచ్చు? ఏం మారిస్తే అమెరికన్ ఊళ్లో కలిసిపోతాయి? కొలతలతో సహా చెబితే మేలు.

పిట్టగోడ

బ్రాంచ్‌లైన్ గారూ, జిగురు మూత తీయక ముందు స్కేలు తీయండి. హెచ్‌ఓలో ఒక అడుగు అంటే 3.5 మి.మీ. మిగతా లెక్కలన్నీ దీన్నుంచే వస్తాయి.

ముందు తలుపు కొలవండి. అమెరికాలో మామూలు ఇంటి తలుపు 6 అడుగుల 8 అంగుళాలు, అంటే 23.3 మి.మీ. జర్మనీ తలుపూ రెండు మీటర్లకు అటూ ఇటూగానే ఉంటుంది, అంటే 23 మి.మీ. కిట్‌లో తలుపు 23 వస్తే అది నిజంగా 1:87. అదే 20 మి.మీ. వస్తే పెట్టె మీద హెచ్‌ఓ అని ఉన్నా అది 1:100కి దగ్గర. చిన్న లేఅవుట్లలో చోటు కలిసొస్తుందని పాత యూరోపియన్ కిట్లలో చాలావాటిని ఇలా కుదించి చేశారు. తప్పని కాదు, కానీ 20 మి.మీ. ఎత్తున్న మనిషి బొమ్మను ఆ గుమ్మంలో నిలబెడితే తల పైకమ్మికి తగులుతుంది.

తర్వాత అంతస్తు ఎత్తు. ఒక వరస కిటికీల కింది అంచు నుంచి పై వరస కిటికీల కింది అంచు దాకా కొలవండి. అమెరికన్ ఇంటికి 9 నుంచి 10 అడుగులు, అంటే 31 నుంచి 35 మి.మీ. ఉండాలి. మెయిన్ స్ట్రీట్ షాపులకు కింది అంతస్తు ఒక్కటే 12 నుంచి 14 అడుగులు, అంటే 42 నుంచి 49 మి.మీ. జర్మన్ ఊరి ఇంట్లో కింది అంతస్తూ పై అంతస్తూ దాదాపు ఒకే ఎత్తు. ఆ ఇంటికి బోర్డు తగిలించి షాపు అనిపించాలని చూస్తే నప్పనిది అందుకే. రంగు ఎంత మార్చినా ఆ పొట్టితనం పోదు.

కొలతలో చిన్నగా తేలిన కిట్‌ను పారేయకండి. 2 అడుగుల షెల్ఫ్‌లో వెనక గోడకు ఆనించి, ముందున్న బిల్డింగుల కప్పుల మీదుగా పై సగం మాత్రమే కనిపించేలా పెడితే దూరంగా ఉన్నట్టు అనిపిస్తుంది. దాని పక్కన మాత్రం మనుషులు, కార్లు పెట్టొద్దు. ఒక్క కారు పెట్టినా గుట్టు బయటపడుతుంది.

ఇక మీ పెట్టెలో బంగారం లాంటిది ఇటుక ఫ్యాక్టరీ. 1900 ప్రాంతపు ఇటుక ఫ్యాక్టరీలు రెండు ఖండాల్లోనూ దాదాపు ఒకే పోలికలో ఉంటాయి: కిటికీ మీద కమాను, గోడలో నిలువు స్తంభాలు, పొడవాటి పొగగొట్టం. అసలు పాత అమెరికన్ బ్రాండ్ల పెట్టెల్లో వచ్చిన కిట్లు కొన్ని యూరప్‌లో తయారైనవే. ఏహెచ్ఎం పేరుతో అమ్మినవాటిలో పోలా కిట్లు ఉన్నాయి, కాన్‌కార్ పేరుతో వచ్చినవాటిలో డెన్మార్క్ హెల్యాన్ కిట్లు ఉన్నాయి.

ఫ్యాక్టరీలో చూసుకోవాల్సింది ఇటుక వరసలు. అమెరికన్ ఇటుకలు మూడు వరసలకు 8 అంగుళాలు లేస్తాయి, అంటే హెచ్‌ఓలో వరసకు 0.78 మి.మీ. జర్మన్ పాత ఇటుక మీటరుకు 13 వరసలు, అంటే వరసకు 0.88 మి.మీ. అమెరికన్ గోడలో అయిదారు వరసలు పొడుగు ఇటుకలు పేర్చి, ఒక వరస అడ్డ ఇటుకలు వేస్తారు. జర్మన్ గోడలో పొడుగు, అడ్డం వరస మార్చి వరస వస్తాయి. రెండడుగుల దూరం నుంచి ఇదేదీ కంటికి ఆనదు. కానీ డీపీఎం గోడను, దీన్ని ఆనించి పక్కపక్కన పెడితే తేడా కొడుతుంది. మధ్యలో ఒక సందు గానీ, వీధి గానీ వదలండి.

ఆకురాయి

పిట్టగోడ గారు కొలతల సంగతి చెప్పారు కాబట్టి నేను పనికి వస్తాను. బిల్డింగ్ ఏ దేశానిదో చెప్పేవి రెండే: కిటికీలు, కప్పు. గోడను ముట్టుకోకుండా ఈ రెండూ మార్చినా ముప్పాతిక పని అయిపోతుంది.

కిటికీ: జర్మన్ కిటికీ తలుపులా పక్కకు తెరుచుకుంటుంది. మధ్యలో నిలువు కమ్మీ, పైన చిన్న అడ్డ కమ్మీ. అమెరికన్ కిటికీలో రెండు పలకలు, ఒకటి పైన, ఒకటి కింద, పైకీ కిందికీ జారతాయి. కంటికి ఆనేది సరిగ్గా నడిమధ్యనున్న అడ్డ కమ్మీ. ఈ కిట్లలో కిటికీ చట్రం గోడ వెనక నుంచి అంటించే విడి ముక్క కాబట్టి మార్చడం సులువే. నిలువు కమ్మీని పదునైన బ్లేడుతో రెండు చివర్లా కోసి తీసేయండి. పై అడ్డ కమ్మీని కూడా తీసేసి, ఎత్తు సగంలో 0.5 మి.మీ. మందం, 0.75 మి.మీ. వెడల్పు ఉన్న ఎవర్‌గ్రీన్ కంపెనీ స్టైరీన్ (ప్లాస్టిక్) పట్టీ అడ్డంగా అంటించండి. అసలు కిటికీలో పై పలక వీధి వైపు, కింది పలక గది వైపు ఉంటాయి. అది రావాలంటే పై సగం చట్రం మీద ముందువైపు 0.25 మి.మీ. పట్టీ చుట్టూ అంటించాలి. అంత సన్నటి మెట్టు కూడా పక్క నుంచి వెలుతురు పడినప్పుడు చక్కగా నీడ వేస్తుంది.

కిటికీ రంధ్రం వెడల్పు, ఎత్తు దాదాపు సమానంగా ఉంటే ఈ పద్ధతి పనిచేయదు, చతురస్రం కిటికీ అడ్డ కమ్మీతో కూడా జర్మన్‌లాగే కనిపిస్తుంది. అప్పుడు రంధ్రం మధ్యలో 1.75 మి.మీ. వెడల్పు నిలువు పట్టీ పెట్టి, రెండు ఇరుకు కిటికీల జంటగా విడగొట్టండి. టిచీ కంపెనీ రెడీమేడ్ కిటికీలు వాడాలనుకుంటే ముందు కిటికీ కొని, దాని వెనక అంచు కొలిచి, ఆ తర్వాతే గోడ రంధ్రాన్ని ఆకురాయితో పెంచండి. చిన్న రంధ్రాన్ని పెంచవచ్చు, పెద్దదాన్ని పూడ్చి ఇటుక గీతలు కలపడం నరకం.

పక్కన కిటికీ రెక్కలు ఉంటే తీసేయండి, లేదా నిజంగా కిటికీని మూసేంత వెడల్పున్నవైతేనే ఉంచండి.

కప్పు: జర్మన్ ఇంటి కప్పు 50 డిగ్రీల దాకా లేస్తుంది. 1955 నాటి అమెరికన్ ఊరి ఇంటికి 12 అడుగుల అడ్డానికి 8 అడుగుల లేపు, అంటే 34 డిగ్రీలు, చాలా మామూలు. మీ ఇంటి వెడల్పు 100 మి.మీ. అనుకుందాం, అంటే చూరు నుంచి మధ్యకు 50. 50 డిగ్రీల కప్పులో త్రికోణం ఎత్తు 60 మి.మీ. వస్తుంది. 34 డిగ్రీలకు అది 33 మి.మీ. అందుకని పక్క గోడ మీద చూరు నుంచి 33 మి.మీ. పైకి మధ్యలో చుక్క పెట్టి, రెండు చూర్ల నుంచి ఆ చుక్కకు గీతలు గీసి కోయండి. కప్పు పలక పొడవు కూడా 78 నుంచి 60కి తగ్గుతుంది, చూరు బయటికి వచ్చేది దీనికి అదనం. పలకను కొప్పు వైపే కోయాలి, చూరు వైపు కాదు. చూరు అంచు ఫ్యాక్టరీలో చక్కగా వచ్చి ఉంటుంది, కొప్పు అంచు ఎలాగూ పట్టీ కింద దాగుతుంది. కోశాక కొప్పు అంచును కొత్త కోణానికి ఆకురాయితో వాలుగా అరగదీయండి. అది మరిస్తే రెండు పలకలూ కింది అంచుల దగ్గరే తగిలి పైన నోరు తెరుస్తాయి.

పెంకులు పోవాలంటే పలకను తిరగేసి లోపలి నున్నటి వైపును పైకి తేవచ్చు. ఎడమ పలక కుడికి మారుతుంది, పొగగొట్టం కన్నం తారుమారవుతుంది, లోపల ఉన్న గుండ్రటి అచ్చు మచ్చలు ఎమరీ కాగితంతో రుద్దాలి. ఆ మీద ముదురు బూడిదరంగు మందపాటి కాగితాన్ని 3 మి.మీ. పట్టీలుగా కోసి, 3.5 మి.మీ.కి ఒక చీలిక పెట్టి, కింది నుంచి పైకి ఒకదాని మీద ఒకటి 1.5 మి.మీ. బయటికి కనిపించేలా అంటిస్తూ పోండి. అదే ఆస్ఫాల్ట్ షింగిల్ (తారు కప్పు పలక). ఒక వరస చీలికలు కింది వరస చీలికల మీద పడకుండా సగం జరపాలి.

కప్పు మీద పొగగొట్టం దగ్గరికి వెళ్లే మెట్లు, మంచు ఆపే కంచెలు ఉంటే వాటిని వదిలేయండి. అవి చూడగానే జర్మనీ.

బ్రాంచ్‌లైన్_55

ఇద్దరికీ ధన్యవాదాలండి. కొలిచాను. ఫ్యాక్టరీ తలుపు 24, ఇళ్ల తలుపులు రెండింటికి 23, ఒకదానికి 20. ఆ 20ది వెనక వరసకు వెళ్తుంది. మిగతా రెండు ఇళ్ల గోడల మీద ఉబ్బెత్తు దూలాలను ఏం చేయాలి? అరగదీయడం మొదలుపెట్టి ఆపాను, చుట్టూ ఉన్న సున్నం పూత కూడా గీతలు పడుతోంది. స్టేషన్, షెడ్డు గురించి కూడా ఎవరైనా చెబితే బాగుంటుంది.

కొప్పు_చూరు

అరగదీయొద్దండి. దూలాల గోడకు రెండు దారులున్నాయి.

మొదటిది, గోడ మీద ఇంకో గోడ కప్పేయడం. ఎవర్‌గ్రీన్ క్లాప్‌బోర్డ్ షీటు 1 మి.మీ. మందంది, గీతల మధ్య దూరం 1.3 మి.మీ. ఉన్నది తీసుకోండి. అసలు కొలతలో అది నాలుగున్నర అంగుళాల చెక్క పలక, ఇళ్లకు సరిగ్గా సరిపోతుంది. దూలాలు ఎత్తుగా ఉన్నచోట షీటు ఊగకుండా, దూలాల మీదే ఆనేలా నాలుగు అంచులా దూలాల మందం పట్టీ అంటించండి. కిటికీ రంధ్రాలను వెనక నుంచి పెన్సిలుతో గీసి, మధ్యలో కోసి, అంచుకు ఆకురాయితో రండి. మూలల్లో రెండు షీట్లు కలిసేచోట సందు తప్పదు. దాని మీద 1.5 మి.మీ. నిలువు పట్టీ రెండు వైపులా అంటిస్తే అదే కార్నర్ బోర్డు. నిజం ఇళ్లలోనూ ఉంటుంది.

ఇక్కడే చాలామందికి గోడ వంగిపోతుంది. పెద్ద షీటు వెనక అంతా పల్చటి సాల్వెంట్ జిగురు పూస్తే అది రెండు పొరల మధ్య ఇరుక్కుని బయటికి పోలేక కొన్ని వారాల పాటు ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తూనే ఉంటుంది. గోడ గిన్నెలా వంగాక వెనక్కి తేలేం. జిగురు అంచుల్లో, కిటికీల చుట్టూ మాత్రమే పెట్టండి. కింద ఉన్న పాత గోడకు రెండేసి అంగుళాలకు ఒక 2 మి.మీ. కన్నం వేయండి, ఆవిరి లోపలివైపుకు పోతుంది. గోడ లోపల అడ్డంగా, నిలువుగా 3 మి.మీ. చదరపు పట్టీలు అంటిస్తే ఇంకా గట్టిగా నిలుస్తుంది.

రెండో దారి నాకు ఎక్కువ ఇష్టం: దూలాలను ఉంచి, వాటికి అమెరికాలో తగిన చోటు చూపించడం. 1910 నుంచి 1930 దాకా తూర్పు తీరపు శివారు ఊళ్లలో ట్యూడర్ రివైవల్ (పాత ఇంగ్లిష్ ఇళ్లను అనుకరించే తీరు) ఇళ్లు విపరీతంగా కట్టారు. న్యూయార్క్ దగ్గర ఫారెస్ట్ హిల్స్, స్కార్స్‌డేల్ స్టేషన్లే ఆ తీరులో ఉన్నాయి. అయితే జర్మన్ ఇల్లు వేరు, ట్యూడర్ ఇల్లు వేరు. జర్మన్ ఇంటికి దూలాలు కింది నుంచి పైదాకా ఉంటాయి, అవే ఇంటిని మోస్తాయి. అమెరికన్ ట్యూడర్‌లో కింది అంతస్తు ఇటుక గానీ రాయి గానీ, దూలాలు పై అంతస్తులో, త్రికోణం గోడలో మాత్రమే, అదీ అలంకారానికి. కాబట్టి కింది అంతస్తు మీద మాత్రం ఇటుక షీటు అంటించి, రెండు అంతస్తుల మధ్య ఒక 2 మి.మీ. అడ్డ పట్టీ పెట్టండి. షీటు మందం వల్ల కింది అంతస్తు కొంచెం ముందుకు వస్తుంది, ఆ పట్టీ ఆ మెట్టును దాచేస్తుంది.

ఈ ఇంటికి పక్కకు తెరుచుకునే కిటికీలు తీయక్కర్లేదు, ట్యూడర్ ఇళ్లలో అవి ఉన్నాయి. నిటారు కప్పూ ఉంచవచ్చు. పెంకును మాత్రం స్లేటు చేయండి. తూర్పు పెన్సిల్వేనియాలో బాంగర్, పెన్ ఆర్గిల్ చుట్టూ స్లేటు గనులే కదా, ఆ ప్రాంతమంతా స్లేటు కప్పులే. అంచు చదునుగా ఉన్న పెంకు అచ్చయితే ముదురు బూడిదరంగు వేసి, అక్కడక్కడ ఒక్కో పెంకును కొంచెం ఊదా, కొంచెం ఆకుపచ్చ కలిపిన బూడిదతో తాకితే చాలు. అంచు నాలుకలా గుండ్రంగా ఉన్నది, లేదా ఎస్ ఆకారంలో వంపులున్నది అయితే రంగుతో కుదరదు, ఆకురాయి గారు చెప్పిన కాగితమే గతి.

ఒక్క మాట. పెన్సిల్వేనియా జర్మన్లు ఉన్నారు కదా అని ఆ పేరుతో దూలాల ఇళ్లను సమర్థించుకోవద్దు. అక్కడ వాళ్లు కట్టినవి ఎక్కువగా రాతి ఇళ్లు, ఇటుక ఇళ్లు, దుంగల ఇళ్లు. కిట్‌ను అసలేమీ మార్చకుండా పెట్టాలని ఎవరికైనా ఉంటే వాషింగ్టన్ రాష్ట్రంలో లెవెన్‌వర్త్ ఉంది. 1960ల్లో ఊరంతా జర్మనీలోని బవేరియా తీరుకు మార్చుకున్నారు, గ్రేట్ నార్తర్న్ రైల్వే లైను అక్కడి నుంచే వెళ్లేది. కానీ అది మీ 1955కు ముందు కాదు, తర్వాత.

లూప్‌లైన్

స్టేషన్ మాట నేను చెబుతాను. ఆ జర్మన్ స్టేషన్‌ను స్టేషన్‌గా వాడొద్దు. అమెరికన్ డిపోకు (చిన్న స్టేషన్‌కు) ఉండాల్సినవి అందులో లేవు: ట్రాకు వైపు ముందుకు పొడుచుకొచ్చిన ఆపరేటర్ బే కిటికీ, 4 నుంచి 6 అడుగులు బయటికి చాచిన చూరు, దాని కింద బ్రాకెట్లు, రైలు పట్టా ఎత్తుకే ఉండే ప్లాట్‌ఫాం. జర్మన్ స్టేషన్‌లో ప్లాట్‌ఫాం ఎత్తు, మెట్లు, పై అంతస్తులో స్టేషన్ మాస్టర్ ఇల్లు. ఇవన్నీ మార్చేలోపు ఒక డిపో కిట్ కట్టేయొచ్చు. ప్లాట్‌ఫాం తీసేసి, గడియారం కన్నం మూసి, కప్పు స్లేటు చేసి, ట్రాకుకు దూరంగా వీధి మీద పెట్టండి. టౌన్ హాలు అవుతుంది, హైస్కూలు అవుతుంది, లైబ్రరీ అవుతుంది. ముందు రాతిమెట్లు, జెండా స్తంభం, ఒక ఫైర్ హైడ్రెంట్ పెడితే ఎవరూ అనుమానించరు.

షెడ్డు దగ్గర అసలు చిక్కు అందం కాదు, ఇంజన్ పట్టడం. యూరోపియన్ ఇంజన్లు సాధారణంగా అమెరికన్ వాటికంటే పొట్టివి. అమెరికన్ ఆవిరి ఇంజన్లు 15, 16 అడుగులు ఉంటాయి, అంటే 52 నుంచి 56 మి.మీ. తలుపు ఎత్తు మీకు కనీసం 58, వెడల్పు 42 కావాలి. కొలిచేటప్పుడు షెడ్డు నేల నుంచి కాదు, పట్టా పైఅంచు నుంచి కొలవండి. కోడ్ 83 పట్టా (0.083 అంగుళం ఎత్తుది) ఒక్కటే 2.1 మి.మీ. తింటుంది, కింద చెక్కలు అదనం.

తక్కువ వస్తే గోడల కింద 6 మి.మీ. స్టైరీన్ పట్టీ చుట్టూ అంటించి కాంక్రీటు రంగు వేయండి. నిజం కొలతలో 20 అంగుళాల పునాది, చూడ్డానికి సహజంగా ఉంటుంది. పట్టా ఎత్తు మారదు కాబట్టి ఆ 6 మొత్తం తలుపుకే కలుస్తుంది. తలుపు రెక్కలకు కింద మాత్రం 6 మి.మీ. పలక అతకాలి, లేదా రెక్కలు తెరిచి గోడకు అంటించేయాలి.

లోతు కూడా చూడండి. బ్రాంచ్ లైన్‌లో 2-8-0 (చక్రాల అమరికను బట్టి ఆవిరి ఇంజన్ రకం) అనుకుంటే టెండరుతో (వెనక బొగ్గు, నీళ్ల బండితో) కలిపి 70 అడుగులు, 245 మి.మీ. ఉండొచ్చు. ఇంకా పెద్దదైన మికాడో (2-8-2) అయితే 80 అడుగులు, 280. షెడ్డు లోతు 200 ఉంటే వెనక గోడను కోసి ఇటుక షీటుతో పొడిగించాలి, లేకపోతే అందులో చిన్న డీజిల్ స్విచర్లను (షంటింగ్ ఇంజన్లను) మాత్రమే పెట్టండి. 1955లో అది చక్కగా నప్పుతుంది కూడా: కప్పు మీద పొగ గొట్టాలు తుప్పు రంగులో, లోపల డీజిల్. షెడ్డు ముందు ఒక ఇంజన్ పొడవు ట్రాకు నేరుగా ఉండాలి. వంపు తలుపు దాకా వస్తే ఇంజన్ ముందు భాగం తలుపు కమ్మీని గీకుతుంది.

బేస్ అంటించే ముందు ఎన్‌ఎంఆర్‌ఏ (అమెరికా మోడల్ రైల్వే సంఘం) వారి గేజ్ పలకను, అంటే ఖాళీ సరిపోతుందో చూసే కొలత పలకను, ట్రాకు మీద నిలబెట్టి తలుపులోంచి తోయండి, ఆ తర్వాత మీ దగ్గరున్న అన్నిటికంటే పొడవైన ఇంజన్‌ను తోయండి. రెండూ కావాలి. గేజ్ నేరు ట్రాకుకే చెబుతుంది.

ఆకురాయి

రంగు, లైట్ల గురించి రెండు ముక్కలు కలుపుతాను. ఈ కిట్ల ప్లాస్టిక్‌కు రంగు అచ్చులోనే ఉంటుంది, అందుకే చాలామంది పెయింటు వేయరు. ఆ మెరుపు, ఆ పల్చదనం ఫొటోలో వెంటనే తెలుస్తుంది. పైగా లోపల లైటు పెడితే గోడే వెలుగుతుంది. కట్టక ముందే గోడల లోపలివైపు నల్ల మాట్ పెయింటు, దాని మీద తెలుపు వేయండి. బయట ఇటుకకు రెడ్ ఆక్సైడ్ మాట్ ప్రైమరు. ఆరాక గోడలకు వేసే పుట్టీని కొద్దిగా నీళ్లతో కలిపి బట్టతో రుద్ది, వెంటనే ఐమూలగా తుడిస్తే ఇటుకల మధ్య గీతల్లోనే మిగులుతుంది. అడ్డంగా, గీతల వెంబడే తుడిస్తే అడ్డ గీతల్లోంచి మొత్తం ఊడొస్తుంది.

కిట్‌తో వచ్చే పాత బల్బులు 16 వోల్టులవి, వేడెక్కుతాయి. 12 వోల్టుల డీసీ మీద ఒక తెల్ల ఎల్ఈడీ, 1 కిలో ఓమ్ రెసిస్టరు చాలు, 9 మిల్లీఆంపులు వస్తుంది. ఒక్కో గదికి అడ్డుగోడ పెట్టి, అన్ని కిటికీలూ వెలిగించకండి.

కిటికీ అద్దాలకు సూపర్‌గ్లూ మాత్రం వద్దు, తెల్లగా పొగ పట్టినట్టు అవుతుంది. చెక్కకు వాడే తెల్ల జిగురు వాడండి.

బ్రాంచ్‌లైన్_55

షెడ్డు తలుపు పట్టా పైనుంచి 53 వచ్చింది, 6 మి.మీ. పునాది వేస్తున్నాను. ఫ్యాక్టరీ కప్పు మాత్రం రెండు వాలుల పెంకు కప్పు. దాన్ని చదును చేయాలంటే పిట్టగోడ ఎంత ఎత్తు పెట్టాలి?

పిట్టగోడ

మూడడుగులు, అంటే 10.5 మి.మీ. పక్క గోడల త్రికోణాలను చూరు ఎత్తులో అడ్డంగా కోసేయండి. నాలుగు గోడల మీదా అదే అచ్చు ఇటుక షీటుతో 10.5 పెంచి, అతుకు మీద ఒక అడ్డ పట్టీ వేయండి. కప్పు పలకను 1.5 మి.మీ. స్టైరీన్‌తో కోసి, ముందు వైపు కన్నా వెనక వైపు 2 మి.మీ. దిగేలా పెట్టండి. 100 మి.మీ. లోతుకు ఆ వాలు సరిగ్గా సరిపోతుంది. కోసిన త్రికోణాలను పారేయకండి, వాటి ఇటుకతోనే కప్పు మీదకు మెట్లు వచ్చే చిన్న గది, లిఫ్టు గది చేయొచ్చు. మూడంతస్తులు కాబట్టి పక్క గోడకు ఇనుప ఫైర్ ఎస్కేప్ తప్పనిసరి, అది పక్క వీధి వైపు కనిపించేలా పెట్టండి.